ఖాళీ అనుకున్న చోటు

గవర్రాజు మేడగదిలోకి అడుగుపెట్టినవాళ్ళు ఎవరైనా సరే ముందు తుమ్మాల్సిందే. పాత ప్లాస్టిక్కు వాసన, దుమ్ము, సముద్రపు గాలికి పట్టిన తుప్పు అన్నీ కలిసి ముక్కు అదరగొట్టేవి. కాకినాడ రామారావుపేటలో ఆ గది గురించి తెలియనివాళ్ళు తక్కువ. గోడ పొడుగునా బల్లలు, వాటి మీద కుర్రతనం నుంచీ ఆయన కూడబెట్టిన ఇంటి కంప్యూటర్లు. రబ్బరు మీటలవి కొన్ని, టీవీకి తగిలిస్తే తప్ప బొమ్మ చూపించనివి కొన్ని, కరెంటు ఇస్తే మూలిగి ఊరుకునేవి మరికొన్ని. పక్కనే అట్టపెట్టెల నిండా క్యాసెట్లు. పైన సినిమా పాటల కాగితాలు ఉంటాయి గాని లోపల పాటలుండవు. ఆ రోజుల్లో ప్రోగ్రాం దాచుకోవాలంటే ఇంట్లో ఉన్న టేపురికార్డరే దిక్కు. రాసిన ప్రోగ్రాం కీచుమనే గోలగా మారి క్యాసెట్టులోకి వెళ్ళేది. మళ్ళీ కావాలంటే ఆ గోలనే కంప్యూటరుకి వినిపించాలి.

ఆ గోల వింటూ పెరిగిన పిల్ల భ్రమరాంబ, గవర్రాజు చెల్లెలు. ఒక ఆట క్యాసెట్టులోంచి కంప్యూటరులోకి ఎక్కాలంటే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేంత సేపు పట్టేది. అంతసేపూ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ నలుపు తెలుపు టీవీ ముందు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూచునేవాళ్ళు. కరెంటు ఒక్కసారి మిణుకుమందా, మళ్ళీ మొదటికే. గవర్రాజుకి ఆ గోల ఎంత అలవాటంటే, బొమ్మ రాకముందే చెవితో విని, ఇది ఎక్కదు, టేపురికార్డరు హెడ్డు తుడవాలి అని తేల్చేసేవాడు. ఇప్పుడు ఫోనులో పడేసుకునే ఒక్క మామిడికాయ ఫోటో పట్టే చోటులో అలాంటి ఆటలు వంద పడతాయి. అయినా ఆ ఫోటోని ఎవరు చూస్తారు, ఆ ఆట కోసం పడ్డ ఎదురుచూపు దీనికి ఎక్కడిది అనేవాడు ఆయన. ఈ మాట విని విని ఆయన భార్య సత్యవేణికి చెవులు చిల్లులు పడ్డాయి.

క్యాసెట్ల విషయంలో అన్నయ్య పెట్టిన నియమం ఒకటుండేది. కొత్తవి దొరక్క పాతవాటి మీదే రాయాల్సి వచ్చేది కదా, రాసే ముందు దాన్ని మొదట్నుంచి చివరిదాకా వినాలి. పాటో మాటో వినిపించిందా, దాని జోలికి పోకూడదు. ఉత్త బుస్సుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేకపోతే అది ఖాళీ, నిక్షేపంగా రాసుకోవచ్చు. చాలా ఏళ్ళ తరవాత, తల నెరిశాక, భ్రమరాంబ ఆ నియమాన్నే మనిషి తలకి వర్తింపజేసింది.

పోర్టుకి వెళ్ళే దారిలో ఉన్న పరిశోధనశాలలో ఆమె పెద్ద శాస్త్రవేత్త. భర్త పోయాక అన్నయ్య ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటోంది. జనం తమ ఫోటోల్నీ, ముచ్చట్లనీ, వీధి కెమెరాల్లో పడే ప్రతి పిల్లినీ దాచుకోవడానికి తీరం పొడుగునా కట్టిన కంప్యూటర్ల గిడ్డంగులు కరెంటునీ నీళ్ళనీ తెగ తాగేస్తున్న కాలం అది. మనిషి తలకాయ మాత్రం పూటకి రెండు ముద్దలన్నంతో నడిచిపోతుంది. అందులో వాడని చోటేదైనా ఉంటే అక్కడ దాస్తే పోలేదా అని ఆమె ఆలోచన. దానికోసం వెంట్రుకంత సన్నటి తీగచుట్టలతో ఒక టోపీ తయారుచేసింది. మనిషి తిన్నా, తిట్టినా, కలగన్నా తలలో కణాలు గుసగుసలాడుతూనే ఉంటాయి. ఆ టోపీ కొన్ని వారాలపాటు ఆ గుసగుసలన్నీ విని, అంతకాలంలో ఒక్కసారైనా సడి చెయ్యని చోట్లను గుర్తుపెడుతుంది. అవే ఖాళీలు. రెండో విడతలో ఆ చోట్లలో రాస్తుంది.

మొదట ఎవరి తలలో రాయాలన్న మాట వచ్చినప్పుడు భ్రమరాంబ ఇంకొకరి వైపు చూడలేదు. తన తలలోనే రాయించుకుంది. కాకినాడలో ఒక ఏడాది పాటు పడ్డ ఎండా వానల లెక్క, అంతే. కొన్ని నెలలాగి తిరిగి చదివితే అక్షరం పొల్లుపోలేదు. తలనొప్పి కూడా రాలేదు. పైగా ఎప్పట్నుంచో సరిగ్గా లేని నిద్ర ఈమధ్య హాయిగా పడుతోందని ఆమే అందరికీ చెప్పుకుంది.

రెండో తల గవర్రాజుది. చెల్లెలు వద్దంటే వినలేదు. నీ టోపీ బొమ్మ గీసినప్పుడే నేనన్నానుగా నాకు పెట్టమని, ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెస్తావా అని కోప్పడ్డాడు. తన క్యాసెట్లకి బూజు పట్టేసింది, అందులో ఉన్న ఆటలన్నీ తన తలలోనే రాయాలని పట్టుబట్టాడు. వాటికి నకళ్ళు లాబ్‌లో ఎన్నైనా తీసుకోవచ్చని ఆమె చెప్పి చూసింది.

"నకళ్ళు నాకెందుకే. క్యాసెట్లు పోయాయి, ఫ్లాపీలు పోయాయి, సీడీలు గీతలు పడి చచ్చాయి. నేను పోయేదాకా నాతో ఉండే చోటు ఇదొక్కటే," అన్నాడు.

ఆ వారాలన్నీ గవర్రాజు టోపీ పెట్టుకునే తిరిగాడు. కూరల బజారుకి కూడా దానితోనే వెళ్ళాడు. సత్యవేణి, నెత్తిన ఇడ్లీపాత్ర బోర్లించుకున్న మొగుడితో నేను వీధిలోకి రాలేను బాబూ అని రెండడుగులు వెనక నడిచింది. టోపీ అన్నీ వింది. ఆయన తలలో ఒక పక్కన చెప్పుకోదగ్గంత చోటు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉందని తేల్చింది. అంత పెద్ద ఖాళీ ఒకే దగ్గర దొరకడం అదృష్టమని భ్రమరాంబ కింద పనిచేసే ఫణీంద్ర చంకలు గుద్దుకున్నాడు. ఆటలన్నీ అక్కడే రాశారు.

తిరిగి చదివిన రోజున లాబ్‌లో పండగలా ఉంది. గవర్రాజు తన రబ్బరు మీటల కంప్యూటర్నీ, పాత టీవీనీ ఆటోలో వేసుకొచ్చాడు. టోపీ పెట్టుకుని కుర్చీలో వాలాడు. ఆయన తలలోంచి చదివిందాన్ని స్పీకర్లోకి వదిలితే అదే గోల, కీచుమంటూ, గరగరలాడుతూ. వయసులో చిన్నవాళ్ళంతా చెవులు మూసుకున్నారు. గవర్రాజు మాత్రం కళ్ళు మూసుకుని వింటూ, ఎక్కుతుంది, ఇది ఎక్కుతుంది అని గొణిగాడు. ఎక్కింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్క ఎగురుతూ వచ్చింది. భ్రమరాంబకి ఏడుపొచ్చింది. పావడా కట్టుకుని ఆ చుక్క వెంట కళ్ళు తిప్పిన రోజులు ఆమెకి గుర్తొచ్చాయి. అన్నయ్య ఆమె భుజం తట్టి, ఇంక నేను చచ్చినా పర్వాలేదే అన్నాడు.

ఆ తరవాత ఆయన చావు ఊసే ఎత్తలేదు. మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. స్నానాల గదిలో పాటలు, భోజనాల దగ్గర జోకులు. ఎప్పుడూ తెల్లవారుజామున లేచి వరండాలో ఉలకకుండా పలకకుండా కూచునే మనిషి, ఎండ మొహాన పడేదాకా గురకపెట్టి నిద్రపోతున్నాడు. భ్రమరాంబ ఆదివారం వెళ్ళి చూసి సంబరపడింది. వదిన మాత్రం ఆయన్ని అదోలా చూస్తూ ఉండిపోయింది. ఎందుకో ఆరోజు భ్రమరాంబ అడగలేదు.

తరవాత కొద్ది రోజులకే సత్యవేణి మధ్యాహ్నం ఎండలో లాబ్‌కి వచ్చింది. ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి. ఆటో వెనక్కి ఒక చిన్న పిల్లల సైకిలు కట్టించుకుని వచ్చింది. ఎర్ర రంగు పెచ్చులు లేచిపోయి, ఒక పెడలు ఊడిపోయిన సైకిలు. దాన్ని చూడగానే భ్రమరాంబ గుర్తుపట్టింది. అది హైమ సైకిలు.

హైమ గవర్రాజు ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చి పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ పేరు వినపడలేదు. గవర్రాజు వినపడనివ్వలేదు. ఫోటోలు బీరువాలోకి వెళ్ళాయి, బట్టలు ఎటో వెళ్ళాయి. సైకిలు ఒక్కటే మేడమెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. ఆయన రోజూ దాని పక్కనుంచే మేడెక్కేవాడు, ఒక్కనాడూ అటు తల తిప్పేవాడు కాదు. చుట్టాలు పక్కాలు కూడా ఆయన ఎదుట ఆ ఊసు ఎత్తకూడదని అలవాటుపడ్డారు. సత్యవేణికి బిడ్డ గురించి ఎవరితోనైనా చెప్పుకుని ఏడవాలనిపిస్తే భ్రమరాంబ దగ్గరికే వచ్చేది.

ఆరోజు పొద్దున్న పాత సామాన్లవాడు వీధిలోకి వస్తే గవర్రాజే పిలిచాడట. మెట్ల కింద చెత్త తీసేస్తానని పట్టా లాగి, సైకిలు వాడి బండిలో వేసి, ఎవరి పిల్లలదో పాపం, ఎన్నాళ్ళ నుంచి పడుందో అన్నాడట. సత్యవేణి వంటింట్లోంచి విని, చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తి దాన్ని తెచ్చుకుంది.

"ఎగతాళికి అన్నాడేమో అనుకున్నానమ్మా. కాదు. ఆయనకి నిజంగానే తెలీదు," అంది. ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

భ్రమరాంబ అప్పటికప్పుడే ఆమెతో ఇంటికి వెళ్ళింది. సత్యవేణి బీరువా తెరిచి, చీరల కింద దాచుకున్న ఫోటో తీసి మొగుడి చేతిలో పెట్టింది. గవర్రాజు కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చూశాడు. పిల్ల ముద్దుగా ఉందన్నాడు. ఎవరమ్మాయి అని అడిగాడు. భ్రమరాంబ, నీ కూతురే అన్నయ్యా అని చెప్పింది. పేరు చెప్పింది, ఏ ఏడు పుట్టిందో చెప్పింది, ఎలా పోయిందో చెప్పింది. ఆయన చెల్లెలి మొహంలోకీ భార్య మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళు అబద్ధం చెప్పరని ఆయనకి తెలుసు. అందుకని నమ్మాడు. ఏడవాలని ప్రయత్నించాడు కూడా, భార్య కోసం. కన్నీళ్ళు రాలేదు.

"నన్ను క్షమించు సత్యా. ఎంత వెతికినా ఏమీ తగలట్లేదు," అన్నాడు చివరికి.

లాబ్‌కి తిరిగొచ్చాక భ్రమరాంబకి విషయం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆ మనిషి కూతురి జ్ఞాపకం మీదికి మనసుని పోనివ్వకుండా తనని తాను బిగబట్టుకున్నాడు. అది కదిలితే తట్టుకోలేనని దాన్ని కదలనివ్వలేదు. టోపీ విన్న వారాల్లోనూ కదలనివ్వలేదు. సడి లేని చోటుని ఖాళీ అనుకోవడం క్యాసెట్టు విషయంలో సరిపోయింది. మనిషి విషయంలో మాత్రం ఏది తలుచుకుంటే గుండె పగులుతుందో ఆ చోటే అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. తను పట్టుకొచ్చిన నియమం, తను గర్వంగా పదిమందికీ చెప్పుకున్న నియమం, పసిపిల్ల తొమ్మిదేళ్ళ బతుకుని తుడిచేసి దాని మీద ఎగిరే చుక్కల ఆటల్ని రాసింది.

ఒక ఆశ మిగిలింది. రాసినదాన్ని తీసేస్తే కింద పాతది ఏమైనా మిగిలి ఉంటుందేమోనని. గవర్రాజు తనంతట తనే వచ్చి మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఎవరైతేనేం, సత్యకి కావాలి కదా, తీసెయ్యండి అన్నాడు. భ్రమరాంబ, ఫణీంద్ర కలిసి ఆటలన్నిటినీ తుడిచారు. ఆపైన రోజుల తరబడి విన్నారు. హైమ పేరు పలికారు, ఫోటో చూపించారు, ఆ పిల్ల ఎప్పుడూ అడిగే పాట వినిపించారు. ఆ చోట ఏమీ పలకలేదు. ఈసారి అది నిజంగానే ఖాళీ.

ఇంకా తలలు ఇస్తామని పేర్లు రాయించుకున్నవాళ్ళు బయట ఎదురుచూస్తున్నారు. భ్రమరాంబ ప్రయోగం ఆపేస్తున్నానని, పైవాళ్ళకి ఉన్నదున్నట్టు రాస్తానని చెప్పింది. ఫణీంద్ర చెడ్డవాడేం కాదు. తెలివైనవాడు, అంతే. కాసేపు కాగితాలు సర్దుతున్నట్టు నటించి, మెల్లిగా అన్నాడు.

"మీరు కోప్పడనంటే ఒక మాట మేడమ్. ఆయనకి పోయింది దుఃఖమే కదండీ. హాయిగా నిద్రపోతున్నారు. ఈ సంగతి బయటికి తెలిస్తే ఆపమని ఎవరూ అనరండి. మాకు చెయ్యండి, మాకు చెయ్యండి అని వరస కడతారు."

అతనన్నది నిజమేనని ఆమెకి తెలుసు. ఆమె రాసిన నివేదిక చదివి పైవాళ్ళు కూడా అదే మాట ఇంకాస్త మర్యాదగా అన్నారు. ప్రయోగం ఆగదన్నారు, ఆవిడ విశ్రాంతి తీసుకుంటే మంచిదన్నారు. ఆమె తన టోపీని వాళ్ళకి వదిలేసి ఇంటికొచ్చేసింది. అది తయారుచేసే పద్ధతంతా వాళ్ళ దగ్గర ఎప్పుడో చేరిపోయింది, దాన్ని విరగ్గొట్టినా ప్రయోజనం లేదు.

ఇక వదినకి చెప్పాలి. అది అన్నిటికంటే కష్టమైన పని. వెళ్ళేసరికి సత్యవేణి వంటింట్లో కింద కూచుని గోరుచిక్కుడు తుంచుతోంది. మేడమీద గవర్రాజు ఏదో కంప్యూటరు విప్పుకుంటూ ఈల వేస్తున్నాడు. భ్రమరాంబ పక్కన చతికిలబడి, తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని, తలెత్తకుండా చెప్పేసింది. ఇంక రాదు వదినా, ఎప్పటికీ రాదు అని. సత్యవేణి చేతులు ఆగలేదు.

"నాకు తెలుస్తూనే ఉందమ్మా. సాయంత్రాలు కూచోబెట్టి దాని కబుర్లు చెప్తున్నాను. ఎంత బాగా వింటాడో. తరవాతేమైంది అంటాడు. నవ్వాల్సిన చోట నవ్వుతాడు. ఇన్నేళ్ళూ ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు కదా అని తిట్టుకునేదాన్ని. మాట్లాడకపోయినా ఆ బరువు ఇద్దరం మోశామని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు మాట్లాడుతున్నాను, మోసేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయ్యాను."

భ్రమరాంబ వదిన మోకాలి మీద చెయ్యి వేసింది. నేనున్నాను కదా, నాకు హైమ గుర్తుంది, దాని జడకుచ్చులతో సహా గుర్తుంది అని చెప్పబోయింది. చెప్పబోతూ ఆగిపోయింది. హైమ ఆమెకి ఎందుకు గుర్తుందో అప్పుడు తట్టింది. హైమ గురించి వదినా తనూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు కాబట్టి. తన తలని కూడా ఆ టోపీ అన్ని వారాలూ వింది. సడి లేని చోటు చూసి అక్కడే రాసింది. ఇన్నాళ్ళూ అన్నయ్య సంగతిలో మునిగి ఆ ముక్క ఆలోచించనేలేదు. ఈమధ్య హాయిగా నిద్రపడుతోందని తనే అందరికీ చెప్పింది.

"వదినా, నా తలలో కూడా రాశారు. అన్నయ్య కంటే ముందు. నేనెప్పుడూ ఎత్తనిది, మీరెవరూ నా దగ్గర ఎత్తనిది ఏదైనా ఉందా?"

సత్యవేణి చేతిలో గోరుచిక్కుడు అలాగే ఉండిపోయింది. ఆడపడుచు మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఎందుకో భ్రమరాంబకి అర్థం కాలేదు, అందుకే ఆమెకి భయం వేసింది.

"చెప్తే గుర్తొస్తుందా?" అని అడిగింది సత్యవేణి.

రాదని తల ఊపింది భ్రమరాంబ. అయినా చెప్పమంది. తనకి తెలియాలంది.

సత్యవేణి చెప్పింది. భ్రమరాంబకి పెళ్ళయిన రెండో ఏడు పురిటికి ఇక్కడికే వచ్చిందట. మగపిల్లాడు పుట్టాడు. పుట్టడమే నీరసంగా పుట్టాడు, వారం తిరక్కుండా పోయాడు. భ్రమరాంబ తల్లి ఇంట్లో అందరిచేతా ఒట్టు వేయించుకుంది, కూతురి దగ్గర ఆ మాట ఎవ్వరూ ఎత్తకూడదని. ఎవ్వరూ ఎత్తలేదు. భ్రమరాంబా ఎత్తలేదు. ఒళ్ళు కుదుటపడగానే చదువులో పడిపోయింది, మళ్ళీ పిల్లలు కావాలనుకోలేదు, అంతే.

భ్రమరాంబ వింది. ఎవరింట్లోనో జరిగింది చెప్తుంటే వింటున్నట్టుగా ఉంది. ఆ ఏడు తను చాలా నెలలు ఈ ఇంట్లో ఉన్న మాట గుర్తుంది. జబ్బు చేసి ఉన్నాననే అనుకుంటూ వచ్చింది. ఏం జబ్బో తనని తను ఎప్పుడూ అడగలేదు. లోపల ఎంత తడుముకున్నా బిడ్డ లేడు, బిడ్డ ఏడుపు లేదు, పాలు లేవు. వదిన కొంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తన బిడ్డ కోసం వదిన ఏడుస్తోంది, తన కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆమె వదిన వీపు నిమిరింది. నిమురుతూనే అడిగింది.

"వాడికి పేరు పెట్టామా?"

"బారసాల దాకా ఎక్కడున్నాడమ్మా. నువ్వే ఏదో పేరు పెట్టుకున్నావు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, వంగి వాడి చెవిలో ఆ పేరుతో పిలిచేదానివి. మేమెవరం దగ్గరికొచ్చినా ఆపేసేదానివి. ఏం పేరే అని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేదానివి. మీ ఆయనకైనా చెప్పావో లేదో. చెప్పినా ఆయనా లేడు కదా."

"మరి ఇంకెవరికి తెలుసు?" అంది భ్రమరాంబ.

"నీకే తెలుసమ్మా," అంది సత్యవేణి.